పరుగు మనది, లెక్కా మనదే: ఓపెన్ సోర్స్ రన్నింగ్ యాప్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది

ఆండ్రాయిడ్ ఫోను చేతిలో ఉండి, పరుగు అలవాటు ఇప్పుడిప్పుడే పడుతున్నవాళ్ళకు నేను ఫిటోట్రాక్ చెబుతాను. ఫోన్లోంచి ఒక్క ముక్క కూడా బయటికి పోకూడదనుకునేవాళ్ళకు, ఛాతీకి హార్ట్ రేట్ పట్టీ కట్టుకుని పరుగెత్తేవాళ్ళకు ఓపెన్‌ట్రాక్స్. వారానికోసారైనా ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి పరుగు) చేసేవాళ్ళకు రన్నరప్. కొత్త ఊళ్ళో, కొండదారుల్లో పరుగెత్తాలంటే ఓస్మాండ్. గ్రూపుతో కలిసి పరుగెత్తుతూ, పరుగులు నలుగురితో పంచుకునే యాప్ స్ట్రావాలో స్నేహితులున్నవాళ్ళు దాన్ని తీసేయనక్కర్లేదు. రికార్డింగు మాత్రం ఈ నాలుగింటిలో ఒకదానికి అప్పగించి, స్ట్రావాకి ఆ ఫైలు పంపితే చాలు.

ఈ నాలుగూ ఓపెన్ సోర్స్‌వే, అంటే వాటి కోడు ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. తొందరలో ఉన్నవాళ్ళకు ఇంతే విషయం. ఎందుకిలా అంటున్నానో, ఏ యాప్ ఎక్కడ మొరాయిస్తుందో కూడా తెలియాలంటే మిగతాది చదవండి. ఈ నాలుగూ నేను విశాఖ బీచ్ రోడ్డు మీద, కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం మీదుగా వుడా పార్కు దాటి, నెలల తరబడి వాడినవే. ఎండాకాలంలో ఐదింటికి ముందే మొదలుపెట్టినా రెండో కిలోమీటరుకే బనియను తడిసి ముద్దయ్యే ఊరు మాది. చెమట వేళ్ళతో ఫోను తెర నొక్కితే పలకదు. అందుకే తెర ఎంత అందంగా ఉందన్నది నేను పెద్దగా పట్టించుకోను. తెర చూడకుండా పని జరుగుతుందా అన్నదే చూస్తాను.

ముందు అడగాల్సిన ప్రశ్న

యాప్‌లను పోల్చేటప్పుడు చాలామంది ఫీచర్ల పట్టిక వేస్తారు. నేను ముందు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను: పరుగు పూర్తయ్యాక ఆ ఫైలు ఎవరి దగ్గరుంటుంది?

నాకీ ప్రశ్న పుట్టడానికి కారణముంది. పరుగు మొదలుపెట్టిన కొత్తలో, అందరూ వాడుతున్నారని ఒక యాప్ వేసుకుని, అప్పటి ఆఫీసు మెయిల్‌తో ఖాతా తెరిచాను. రెండేళ్ళు అందులోనే రాసుకున్నాను. ఉద్యోగం మారాను, మెయిల్ పోయింది, కొన్నాళ్ళకు ఫోనూ మారింది. కొత్త ఫోన్లో లాగిన్ అవ్వబోతే, నిర్ధారణ కోడు పాత మెయిల్‌కి పంపామని చెప్పింది. కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ ఖాతా నాదేనని రుజువు చూపలేకపోయాను. నా మొదటి పది కిలోమీటర్ల పరుగు ఇప్పటికీ ఎక్కడో ఒక సర్వరులో ఉండే ఉంటుంది. ఆ రోజు ఏ కిలోమీటరు దగ్గర నడకలోకి దిగిపోయానో చూసుకోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది నా ఒక్కడి గోడు కాదు. కోట్లమంది వాడిన రన్నింగ్ యాప్ ఎండొమొండో 2020 డిసెంబరు 31న సేవలు ఆపేసింది. ముందుగా చెప్పే ఆపింది, డేటా దింపుకోవడానికి గడువూ ఇచ్చింది. కానీ ఆ కబురు అందనివాళ్ళ పరుగులు పోయాయి. అదే ఏడాది జూలైలో స్పోర్ట్స్ వాచీల కంపెనీ గార్మిన్ మీద సైబర్ దాడి జరిగి, దాని యాప్ గార్మిన్ కనెక్ట్ రోజుల తరబడి ఆగిపోయింది. వాచీలు చేతికున్నాయి, పరుగులు వాచీల్లో ఉన్నాయి, కానీ అలవాటైన చోట చూసుకునే దారి లేకుండా పోయింది.

మూడో సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే దాని ముగింపు వేరు. గూగుల్‌కి మై ట్రాక్స్ అని ఒక యాప్ ఉండేది. 2016 ఏప్రిల్ 30తో దాన్ని మూసేశారు. అయితే అంతకుముందే దాని సోర్స్ కోడ్‌ను స్వేచ్ఛగా వాడుకోదగ్గ లైసెన్సు కింద బయట పెట్టి ఉన్నారు. కంపెనీ వదిలేసిన ఆ కోడును 2019లో వేరేవాళ్ళు అందుకుని, అందులో గూగుల్ సర్వర్లతో ముడిపడ్డ భాగాలన్నీ తీసేసి కొత్త యాప్ చేశారు. అదే ఓపెన్‌ట్రాక్స్. ఓపెన్ సోర్స్ వల్ల మామూలు మనిషికి ఏమిటి లాభం, మనం కోడు చదవబోతామా అని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెబుతాను. మనం చదవనక్కర్లేదు. చదవగలిగినవాళ్ళకు అడ్డు లేకపోతే చాలు, యజమాని వదిలేసినా పని బతుకుతుంది.

ఫైలు లోపల ఏముంటుంది

ఈ యాప్‌లన్నీ ఇచ్చే ఫైలు పేరు జీపీఎక్స్. 2004 నాటి వెర్షనే ఇప్పటికీ నడుస్తోంది. ఒకసారి దాన్ని ఫోన్లోనో కంప్యూటరులోనో మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, భయమేమీ లేదు. వరసగా వందల, వేల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు నాలుగు సంగతులు: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం. ఉదాహరణకు నా ఫైల్లో ఒక చోట 17.71, 83.32 దగ్గర మొదలయ్యే అంకెలున్నాయి. అది ఆర్కే బీచ్. పక్కనే సమయం చూస్తే 23 గంటల 40 నిమిషాలని, అదీ ముందు రోజు తేదీతో ఉంటుంది. మొదటిసారి చూసి ఫైలు పాడైందనుకున్నాను. జీపీఎక్స్‌లో సమయం గ్రీన్‌విచ్ లెక్కలో రాస్తారు. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన ఉదయం 5 గంటల 10 నిమిషాలు.

ఒక్కో ఫైలు కొన్ని వందల కిలోబైట్లు, మహా అయితే ఒకటి రెండు ఎంబీలు. వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ వీడియో పట్టే చోట్లో నెల పరుగులు పట్టేస్తాయి. ఏ యాప్ అయినా చదువుతుంది, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చదవగలుగుతుంది. గుండె వేగం, కేడెన్స్ (నిమిషానికి వేసే అడుగులు) లాంటివి మాత్రం అసలు జీపీఎక్స్‌లో భాగం కావు, అదనపు ముక్కలుగా చేరతాయి. అందుకే ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మారేటప్పుడు అవి ఒక్కోసారి జారిపోతాయి. మారే ముందు ఒక్క ఫైలుతో పరీక్ష చేసుకోండి.

మన పరుగు దారి అంటే మన ఇంటి గుమ్మం కూడా. స్ట్రావా 2017 నవంబరులో ప్రపంచమంతటా ఉన్న వాడకందారుల దారులు కలిపి ఒక హీట్‌మ్యాప్ (ఎక్కువ పరుగెత్తిన దారులు ఎక్కువ వెలిగే మ్యాప్) విడుదల చేసింది. 2018 జనవరిలో నేథన్ రూసర్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి దాన్ని చూస్తూ, సిరియా, అఫ్ఘానిస్థాన్ ఎడారుల చీకట్లో వెలుగుతున్న చిన్న చిన్న గీతలను గమనించాడు. అవి సైనిక స్థావరాల్లో జవాన్లు ఉదయం పూట పరుగెత్తిన దారులు. 2024లో ఫ్రాన్సు పత్రిక ల మోంద్, దేశాధినేతల అంగరక్షకుల పరుగులు అదే యాప్‌లో అందరికీ కనిపిస్తున్నాయని బయటపెట్టింది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్ళో ఉంటూ, పక్కన పరుగెత్తేవాళ్ళలో నేవీవాళ్ళు ఎందరో ఉన్న నాకు ఈ కథ దూరదేశపు కథలా అనిపించదు. స్ట్రావాలో ఇంటి చుట్టూ దారి కనపడకుండా చేసే సెట్టింగు ఉంది. వాడేవాళ్ళు, ముఖ్యంగా ఒంటరిగా పరుగెత్తే ఆడవాళ్ళు, అది పెట్టుకున్నాకే మొదటి పరుగు ఎక్కించండి.

ఓపెన్‌ట్రాక్స్

దీనికి ఇంటర్నెట్ అనుమతే లేదు. వాడం అని మాట ఇవ్వడం వేరు, అసలు అడగకపోవడం వేరు. యాప్ అనుమతుల జాబితా తెరిస్తే నెట్‌వర్క్ అన్నది కనపడదు. కాబట్టి ఖాతా లేదు, లాగిన్ లేదు, ప్రకటనలు లేవు. వేసుకున్న నిమిషంలో పరుగు మొదలుపెట్టొచ్చు.

దాని బలం రికార్డింగులో ఉంది. ఎన్ని సెకన్లకు ఒక చుక్క తీసుకోవాలి, ఎన్ని మీటర్లకు తీసుకోవాలి అన్నవన్నీ మన ఇష్టం. బ్లూటూత్ హార్ట్ రేట్ పట్టీ, కాలికి పెట్టుకునే ఫుట్‌పాడ్, సైకిలు కేడెన్స్ సెన్సరు అన్నీ పలుకుతాయి. ప్రతి కిలోమీటరుకో, ప్రతి ఐదు నిమిషాలకో చెవిలో దూరం, పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) చెబుతుంది. పరుగు ఆపగానే తనంతట తానే మనం చూపించిన ఫోల్డరులో ఫైలు పెట్టేస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. మర్చిపోయే వీల్లేదు.

ఎత్తు విషయంలో దీని శ్రద్ధ గురించి ఒక మాట. ఉపగ్రహాలు చెప్పే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి లెక్క ప్రకారం గీసిన ఒక నున్నటి ఆకారం నుంచి. నిజమైన సముద్ర మట్టం దానికి అన్నిచోట్లా సరిపోదు. ప్రపంచంలో ఆ తేడా అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మన హిందూ మహాసముద్రంలోనే, శ్రీలంకకు దక్షిణాన వంద మీటర్లకు పైగా పల్లం. ఆ పల్లం ప్రభావం మన తీరం దాకా ఉంటుంది. కాబట్టి సవరణ చేయని యాప్‌తో ఆర్కే బీచ్‌లో నిలబడితే, పదుల మీటర్లు సముద్రం అడుగున ఉన్నట్టు చూపిస్తుంది. ఓపెన్‌ట్రాక్స్ ఈ సవరణ చేసి అసలు ఎత్తు చూపిస్తుంది. ఫోన్లో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు ఉంటే ఎక్కిన ఎత్తు, దిగిన ఎత్తు దాంతో కొలుస్తుంది. కైలాసగిరి మెట్లెక్కేవాళ్ళకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక లోటు. ఇందులో మ్యాప్ ఉండదు. పరుగు అయ్యాక దారి చూడాలంటే ఓఎస్ఎం డాష్‌బోర్డ్ అనే ఇంకో చిన్న యాప్ వేసుకోవాలి, నెట్ లేకుండా చూడాలంటే దానికి మన ప్రాంతం మ్యాప్ ఫైలు కూడా దింపి ఇవ్వాలి. ఒకసారి చేస్తే సరిపోతుంది గానీ, కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు.

ఫిటోట్రాక్

మా పిన్ని యాభై దాటాక నడక నుంచి పరుగులోకి వచ్చింది. ముందు ఆమె ఫోన్లో ఓపెన్‌ట్రాక్స్ వేసిచ్చాను. రెండు రోజులకే తిరిగొచ్చింది.

"ఒరే, ఇందులో అంకెలు తప్ప ఇంకేం లేవేంట్రా. నేను ఎటు తిరిగి ఎటు వచ్చానో బొమ్మ కనపడొద్దూ?"

"కనపడుద్ది పిన్నీ, దానికి ఇంకో యాప్ వెయ్యాలి."

"ఇంకోటి వద్దు. ఒక్కదాంట్లోనే ఉండేది వెయ్యి."

ఆమె చెప్పింది న్యాయమైన మాట. ఫిటోట్రాక్ వేశాను. పెద్ద బొత్తం నొక్కితే మొదలు, పరుగు అయ్యాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్) మీద గీత, కింద పేస్ గ్రాఫు, వారం వారం ఎంత పరుగెత్తామో స్తంభాలు. అన్నీ ఒకే చోట. మ్యాప్ బొమ్మ దింపుకోవడానికి దీనికి నెట్ కావాలి. కానీ మన పరుగు లెక్క ఫోన్లోనే ఉంటుంది, ఎక్కడికీ ఎక్కించదు. నెట్ లేకుండా ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా పెట్టుకోవచ్చు. ఇంటర్వెల్ శిక్షణ, చెవిలో దూరం చెప్పడం, బ్లూటూత్ హార్ట్ రేట్ పట్టీ ఇందులోనూ ఉన్నాయి. జీపీఎల్ మూడో వెర్షన్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు, కోడు కోడ్‌బెర్గ్ అనే సైటులో ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఇందులో బ్యాకప్ అని రెండు రకాలున్నాయి. మొత్తం యాప్‌ని బ్యాకప్ తీస్తే వచ్చే ఫైలు మళ్ళీ ఫిటోట్రాక్‌లోకే ఎక్కుతుంది. ఒక్కో పరుగుని జీపీఎక్స్‌గా తీస్తే ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఫోను మారేటప్పుడు మొదటిది, యాప్ మారేటప్పుడు రెండోది. పిన్ని ఫోన్లో రెండూ తీసి పెడుతుంటాను.

రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నవాళ్ళకు నా లెక్క ఇది: పరుగు అయ్యాక ఇంటికొచ్చి కాఫీ తాగుతూ దారి చూసుకోవడం మీకిష్టమైతే ఫిటోట్రాక్. ఫోను మళ్ళీ ముట్టుకోకుండా, నెలాఖరున కంప్యూటరులో అన్నీ కలిపి చూసుకునే మనిషైతే ఓపెన్‌ట్రాక్స్.

రన్నరప్, ఓస్మాండ్

రన్నరప్ చూడ్డానికి పాతకాలపు యాప్‌లా ఉంటుంది. అయినా శిక్షణ ఇచ్చే మనిషి పక్కనుండి పరుగెత్తించినట్టు పరుగెత్తిస్తుంది. 400 మీటర్లు గట్టిగా, 200 మీటర్లు నెమ్మదిగా, ఇలా ఎనిమిదిసార్లు అని ముందే రాసిపెట్టుకోవచ్చు. పేస్ ఇంత దాటకూడదు, గుండె వేగం ఇంత నుంచి ఇంత మధ్యే ఉండాలి అని లక్ష్యం పెడితే, గీత దాటినప్పుడల్లా చెవిలో హెచ్చరిస్తుంది. నెమ్మదిగా పరుగెత్తడం రానివాళ్ళకు, అంటే మనలో చాలామందికి, ఈ హెచ్చరిక వెలకట్టలేనిది. పరుగు అవగానే స్ట్రావాతో సహా కొన్ని సర్వీసులకు నేరుగా పంపే ఏర్పాటూ ఇందులో ఉంది. ఇంటర్వెల్స్ జోలికి పోనివాళ్ళకు మాత్రం దీని అవసరం లేదు.

ఓస్మాండ్ అసలు రన్నింగ్ యాప్ కాదు, మ్యాప్ యాప్. ట్రిప్ రికార్డింగ్ అనే ప్లగిన్ తిప్పితే పరుగు రికార్డు చేస్తుంది. ఎవరైనా పంపిన జీపీఎక్స్ దారిని తెర మీద పెట్టి దాని వెంటే పొమ్మంటుంది. అరకులోనో, మారేడుమిల్లిలోనో సిగ్నలు లేని చోట పొద్దున్నే పరుగు పెట్టుకుంటే దీన్ని మించింది లేదు. ప్లే స్టోరులో ఉచిత వెర్షన్‌కి మ్యాప్‌లు దింపుకోవడంలో పరిమితి ఉంది. ఎఫ్-డ్రాయిడ్‌లో ఉన్న వెర్షన్‌కి లేదు. రోజూ ఒకే రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళకు ఇది బరువు, బ్యాటరీ కూడా ఎక్కువ తాగుతుంది.

ఎఫ్-డ్రాయిడ్ పేరు వచ్చింది కాబట్టి: 2010 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ యాప్‌ల కొట్టు అది. పైన చెప్పిన నాలుగూ అందులో డబ్బు కట్టకుండా దొరుకుతాయి. అక్కడ చాలావరకు యాప్‌లను బయట ఉన్న కోడు నుంచే వాళ్ళు స్వయంగా తయారు చేసి పెడతారు. ఉచితంగా వాడుతున్నాం కదా అని ఊరుకోకండి. చేసినవాళ్ళు విరాళం అడిగే లింకు చాలా యాప్‌ల పేజీల్లో ఉంటుంది. ఏడాదికి ఒక బూట్ల జత ఖరీదులో పదో వంతు పంపినా వాళ్ళకు ఆసరా. డబ్బు కుదరకపోతే తెలుగు అనువాదంలో చెయ్యి వెయ్యొచ్చు. ఈ యాప్‌లలో తెలుగు తగినంత లేదనిపిస్తే, ఆ లోటు తీర్చాల్సింది మనమే.

దూరం ఎందుకు తేడా వస్తుంది

ఇద్దరు పక్కపక్కనే పరుగెత్తి, ఒకరికి 10 కిలోమీటర్లు, ఇంకొకరికి 10.3 వస్తే యాప్‌ని తిడతారు. ఫోన్లో జీపీఎస్ చిప్పు ఒకటే, యాప్ మారినంత మాత్రాన చిప్పు మారదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోను మన స్థానాన్ని నాలుగైదు మీటర్ల తేడాతోనే చెబుతుంది. బీచ్ రోడ్డులో ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఎత్తైన భవనాలు. భవనాల వైపు ఫుట్‌పాత్ మీద పరుగెత్తితే సిగ్నలు గోడలకు తగిలి తిరిగొచ్చి, గీత వంకర్లు పోతుంది. ఇసుక వైపు పరుగెత్తితే గీత శుభ్రంగా వస్తుంది. యాప్ చేసేదల్లా ఆ వంకర్లను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం, అందులోనే తేడాలొస్తాయి.

పరీక్షించుకోవాలంటే 400 మీటర్ల ట్రాక్ ఉన్న మైదానానికి వెళ్ళండి. మొదటి లేన్‌లో పన్నెండున్నర చుట్లు అంటే సరిగ్గా 5 కిలోమీటర్లు. లేన్ మారకూడదు, ఎనిమిదో లేన్‌లో చుట్టు 450 మీటర్లు దాటిపోతుంది. యాప్ 4.9 నుంచి 5.1 మధ్య చూపిస్తే తృప్తిపడండి. ట్రాక్ వంపుల్లో ఇంతకంటే ఖచ్చితత్వం ఫోను దగ్గర ఆశించకూడదు.

అధికారిక పోటీల్లో హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) పరుగెత్తి, ఫోన్లో 21.3 చూసి నిర్వాహకులు ఎక్కువ పరుగెత్తించారని బాధపడేవాళ్ళను చూశాను. ధ్రువీకరించిన దారిని మలుపుల్లో అతి దగ్గర గీత పట్టుకుని సైకిలు చక్రంతో కొలుస్తారు. పొరపాటున తక్కువ కాకూడదని కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. మనం మలుపుల్లో బయటివైపు పోతాం, నీళ్ళ బల్ల దగ్గర పక్కకు తిరుగుతాం. ఆ అడుగులన్నీ ఫోను లెక్కపెడుతుంది.

రికార్డింగు మధ్యలో చచ్చిపోతే

ఏ యాప్ ఎంచుకున్నా ఎక్కువమందికి ఎదురయ్యే కష్టం ఒకటే. ఫోను తెర ఆపి జేబులో పెట్టాక, బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే యాప్‌ని చంపేస్తుంది. ఒక ఆదివారం పద్దెనిమిది కిలోమీటర్ల లాంగ్ రన్ చేసి వచ్చి చూస్తే నా ఫోన్లో 3.2 దగ్గర గీత ఆగి ఉంది. చెవిలో నాలుగో కిలోమీటరు ప్రకటన రాలేదని గమనించాను గానీ, సముద్రపు హోరులో వినపడలేదనుకున్నాను. తప్పు యాప్‌ది కాదు. ఆ ఫోను తయారీదారు పెట్టిన సెట్టింగుది.

సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్ళి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు లేవు అన్నది ఎంచుకోండి. లొకేషన్ అనుమతి ఇవ్వండి, అందులో ఖచ్చితమైన లొకేషన్ అన్నది ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొన్ని ఫోన్లలో ఈ మధ్య తెరిచిన యాప్‌ల వరసలో దాన్ని పట్టి ఉంచి తాళం గుర్తు కూడా నొక్కాలి. డోంట్ కిల్ మై యాప్ అనే సైటులో ఏ కంపెనీ ఫోనుకి ఏం చెయ్యాలో విడివిడిగా రాసి ఉంది. ఆ తర్వాత వెంటనే లాంగ్ రన్‌కి పోకండి. తెర ఆపి, ఫోను జేబులో పెట్టి, అరగంట వీధిలో నడిచి రండి. గీత తెగకుండా వస్తే ఇక నమ్మొచ్చు.

వాచీ, ఐఫోను

మీ చేతికి ఇప్పటికే మి బ్యాండో, అమేజ్‌ఫిట్ వాచీయో ఉంటే కొత్తది కొనకముందు గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ చూడండి. కంపెనీ యాప్ స్థానంలో కూర్చుని, వాచీలోని అడుగులు, నిద్ర, గుండె వేగం మన ఫోన్లోకే తెస్తుంది. దీనికీ ఇంటర్నెట్ అనుమతి లేదు. కొన్ని బ్యాండ్లలో పరుగు మొదలుపెట్టగానే ఓపెన్‌ట్రాక్స్ రికార్డింగు దానంతటదే మొదలయ్యే ఏర్పాటుంది. ఇబ్బంది ఏమిటంటే కొత్త మోడళ్ళలో చాలావాటిని ముందొకసారి కంపెనీ యాప్‌తో జత చేసి, అక్కడ పుట్టే తాళంచెవి లాంటి కోడును తీసి దీనికివ్వాలి. ఓపిక ఉంటేనే దిగండి. కొనబోయేముందు మీ మోడలు పేరు వాళ్ళ జాబితాలో వెతకండి.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుతో నడిచే వాచీలూ ఉన్నాయి. పైన్‌టైమ్ చవక, బాగుంటుంది, కానీ జీపీఎస్ లేదు, పరుగు దూరానికి ఫోను మోయక తప్పదు. బ్యాంగిల్ జేఎస్ రెండో మోడల్‌లో జీపీఎస్ ఉంది, తెర ఆరిపోకుండా ఎప్పుడూ కనపడుతూ ఉంటుంది, జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్ళు సొంత యాప్ రాసుకోవచ్చు. రెండింటినీ బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. పరుగే ముఖ్యం, ప్రయోగాలు అక్కర్లేదు అనేవాళ్ళకు ఇవి చెప్పను. అదే డబ్బుతో ఛాతీకి కట్టుకునే మామూలు బ్లూటూత్ హార్ట్ రేట్ పట్టీ కొనండి. పైన చెప్పిన మూడు రన్నింగ్ యాప్‌లతోనూ పలుకుతుంది, మణికట్టు వాచీ కంటే నమ్మకంగా కొలుస్తుంది.

ఐఫోనువాళ్ళకు ఎంపిక తక్కువ. పై మూడు రన్నింగ్ యాప్‌లూ ఆండ్రాయిడ్‌వే. ఓపెన్ జీపీఎక్స్ ట్రాకర్ అని ఒకటుంది, దారి రికార్డు చేసి ఫైలు ఇస్తుంది, అంతకుమించి శిక్షణ సంగతులేవీ ఉండవు. ఓస్మాండ్ ఐఫోనులోనూ ఉంది.

గ్రూపు ఉన్నవాళ్ళు, సొంత సర్వరు పెట్టుకునేవాళ్ళు

ఐదింటికి లేవాలంటే ఎదురుచూసే మనుషులు కావాలి. మా గ్రూపులో సగం మంది స్ట్రావాలోనే ఒకరినొకరు మెచ్చుకుంటారు, ఆ మెచ్చుకోలు పనిచేస్తుంది. కాబట్టి దాన్ని వదిలేయమని ఎవరికీ చెప్పను. ఫోన్లో ఓపెన్‌ట్రాక్స్ ఫైలు తయారు చేస్తుంది, నేను స్ట్రావా సైటులో ఆ ఫైలు ఎక్కిస్తాను. నాకు పంచుకోవాలనిపించని పరుగు ఎక్కించను. ఇప్పటికే ఏళ్ళ తరబడి స్ట్రావాలో ఉన్నవాళ్ళు ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మొత్తం డేటా అడగండి. పరుగులన్నీ ఒక జిప్ ఫైలుగా వస్తాయి. ఈ పని ఇవాళే చెయ్యండి, యాప్ మారినా మారకపోయినా. నా ఆఫీసు మెయిల్ పోకముందు నాకెవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఆ రెండేళ్ళు ఉండేవి.

ఫైళ్ళు కంప్యూటరులోకి చేరడానికి సింక్‌థింగ్ వాడతాను. ఫోను ఇంటి వైఫై అందుకోగానే కొత్త పరుగు దానంతటదే కంప్యూటరులోకి వచ్చేస్తుంది, మధ్యలో ఎవరి క్లౌడూ ఉండదు. ఆండ్రాయిడ్‌లో దాని అసలు యాప్‌ని 2024 చివర్లో ఆపేశారు. అదే కోడుతో ఇంకొకరు నడిపే సింక్‌థింగ్ ఫోర్క్ ఎఫ్-డ్రాయిడ్‌లో ఉంది, అది వేసుకోండి. మై ట్రాక్స్‌కి జరిగిందే ఇక్కడా జరిగింది.

సొంత సర్వరు నడపగలిగినవాళ్ళకు ఫిట్‌ట్రాకీ ఉంది. పరుగుల క్యాలెండరు, మ్యాపులు, గణాంకాలు, స్నేహితులు, అన్నీ మన యంత్రంలోనే. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ క్లబ్బులు నడుపుతున్న పిల్లలు హాస్టల్ రన్నింగ్ గ్రూపుకి దీన్ని నిలబెడితే మంచి అభ్యాసం అవుతుంది. కానీ సర్వరుని అప్‌డేట్ చేస్తూ, బ్యాకప్ తీస్తూ ఉండాలి. ఆ ఓపిక లేనివాళ్ళకు ఒక ఫోల్డరు, ఒక పెన్‌డ్రైవ్ చాలు. పిన్ని పరుగులన్నీ ఇప్పుడు అలాగే ఉన్నాయి. నెలకోసారి ఆమె ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు కొత్త ఫైళ్ళు ఎక్కించి, పెన్‌డ్రైవ్‌ని తిరిగి బీరువాలో పాస్‌బుక్కుల పక్కన పెడతాను.